ఎవరి వస్తువు వాళ్ళకి

ఆ ఆదివారం పొద్దున కెంచమ్మ ఇంట్లో ఉన్న ఎరవు వస్తువులన్నీ వాకిట్లోకి తీయించింది. పక్కింటి మునివెంకటమ్మ జల్లెడ, పైవీధి వాళ్ళ నిచ్చెన, ఎవరో పెళ్ళినాడు చిత్రాన్నం పంపించి మళ్ళీ తీసుకుపోని స్టీలు డబ్బా, తలుపు వెనక ఎన్నాళ్ళుగానో నిలబడి ఉన్న ఒక గొడుగు. కళ్ళు కనపడని మనిషి ఒక్కొక్క వస్తువునూ చేత్తో తడిమి ఇది ఫలానా వాళ్ళదని చెప్పేస్తుంటే కోడలు చైత్రకు నవ్వూ వచ్చింది, విసుగూ వచ్చింది.

"ఆ గొడుగు మనదే అత్తా," అంది.

"మన గొడుగు పిడి పగిలుండాది. ఇది నున్నగా ఉండాది. ఎవురిదో కనుక్కోని ఇచ్చేసి రా."

కొడుకు యతీశ్ మెట్టు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. తల్లి సంగతి అతనికి తెలుసు. వాళ్ళది గొర్రెలు కాసుకుని బతికిన వంశం. సూళగిరి చుట్టుపక్కల రైతుల చేలల్లో పెంట కోసం మంద నిలిపి, అందుకు రాగులు కొలిపించుకునేవాళ్ళు. ఒక చేను వదిలి ఇంకో చేనుకు మంద ఎత్తే ముందు, ఆ ఊళ్ళో ఎరవు తెచ్చుకున్నవన్నీ తిరిగి ఇచ్చెయ్యాలి. కుండ, తాడు, పార, ఆఖరికి పొయ్యికి తెచ్చుకున్న రాళ్ళు కూడా. పరాయి వస్తువు వెంట వస్తే కొత్త చోట మంద నిలవదని నమ్మకం. గొర్రెలు పోయి చాలా కాలమైంది. అవి మేసిన బీళ్ళలో ఇప్పుడు ఫ్యాక్టరీ షెడ్లున్నాయి. నమ్మకం మాత్రం కెంచమ్మ కొంగు పట్టుకుని హోసూరు దాకా వచ్చి, మూకండపల్లిలో ఈ రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టింది.

నిజానికి ఇప్పుడు వాళ్ళు ఎక్కడికీ పోవడం లేదు. అద్దెకున్న ఇంటినే సొంతం చేసుకోబోతున్నారు. ఇంటి యజమాని శ్రీనివాసప్ప తమ్ముళ్ళతో వాటాలు తెంచుకుంటూ ఈ ఇల్లు అమ్మకానికి పెట్టాడు. బయటివాళ్ళ చెవిన వెయ్యకముందే యతీశ్‌ని పిలిచి, "ఉండేది మీరు, మీరే తీసుకోండప్పా. మీ అమ్మకు ఆ ఇల్లు వదిలితే కష్టం," అన్నాడు. మాట మంచిది, ధరా న్యాయమైనదే. యతీశ్ అడ్వాన్సు ఇచ్చాడు. బ్యాంకులో ఇంటి లోన్లు చూసే భరణి కాగితాలన్నీ తిరగేసి, క్రెడిట్ స్కోరు చూసి, తప్పకుండా వస్తుందన్నాడు. ఇంతలో ఆషాఢం వచ్చి పడింది. ఆషాఢంలో రిజిస్ట్రేషను పెట్టుకోనని శ్రీనివాసప్ప అన్నాడు, కెంచమ్మా వద్దంది. ఒక్క నెల ఆగితే కొంప మునిగిపోదు కదా అని అందరూ ఆగారు.

ఇల్లు వదిలితే కష్టమన్న మాట నిజం. చక్కెర జబ్బు కెంచమ్మ చూపును ఒక్కసారిగా తీసుకుపోలేదు. ఈ ఇంట్లో ఉండగానే కొంచెం కొంచెంగా తీసుకుపోయింది. మిగిలిన ఆ కాస్త చూపుతోనే ఆమె ఇంటిని చేతులకు నేర్పింది. హాల్లో గరుకు గోడ పట్టుకుని పోతే క్యాలెండరు మేకు. మేకు దాటితే వంటింటి గడప. గడప అంచున పెచ్చు ఊడిన చోటు బొటనవేలికి తగిలితే ఎడమ చెయ్యి చాపాలి, అక్కడ ఉప్పు గూడు. వెనక తలుపు ఇనుప గ్రిల్లు చల్లగా చేతికి తగిలితే కొళాయి దగ్గరికి వచ్చినట్టు. పొద్దున అందరికంటే ముందు లేచి, మొహం కడుక్కుని, కొడుక్కీ కోడలికీ కాఫీ కలిపేది ఆమే. గడప దాటి వీధిలోకి వస్తే ఆమె గుడ్డిది. ఇంట్లో కాదు.

"ఇంకేమన్నా ఉండాదా?" అని కెంచమ్మ కొడుకుని అడిగింది.

యతీశ్ నోరు పుక్కిలించి లేచాడు. "బ్యాంకు వాళ్ళ కార్డు ఒకటి ఉండాదమ్మా. నేను వాడిందే లేదు."

అతను ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో గేటు బయట బల్ల వేసుకుని కూర్చున్న ఒక బ్యాంకు కుర్రాడు, జీతం చీటీ చూసి సంతకం పెట్టించుకుని పంపించిన క్రెడిట్ కార్డు అది. గడువు తీరినప్పుడల్లా కొత్తది వచ్చేది, అదీ కవరులోనే ఉండిపోయేది. ఇంటి ఖర్చుకి, అమ్మ మందులకి అతను వాడేది ఆ తరవాత తీసుకున్న ఇంకో కార్డు.

"వాడంది యాల పెట్టుకున్నావప్పా?"

"సుమ్మనే, ఊరికే ఉండాది."

"సుమ్మనే ఉన్నా వాళ్ళదే గదా. ఇచ్చెయ్."

"అదేమన్నా కూడు అడుగుతా ఉండాదా అత్తా? బీరువాలో మూలన పడుంటుంది," అంది చైత్ర.

"గొడుగు కూడా కూడు అడగలేదు," అంది కెంచమ్మ.

యతీశ్‌కీ అది సబబే అనిపించింది. లోను చేతికి వచ్చేదాకా కొత్త అప్పు చెయ్యొద్దని, కొత్త కార్డు తీసుకోవద్దని భరణి గట్టిగా చెప్పి ఉన్నాడు. ఉన్నదాన్ని కూడా వదిలించుకుంటే ఇంకా మంచిది కదా అనుకున్నాడు. అప్పు చెయ్యడానికి ఉన్న ఒక దారిని తనంతట తనే మూసేసుకుంటున్నాడు, ఏ బ్యాంకైనా మెచ్చుకోవలసిన పని. అతని చోట మనమున్నా అలాగే అనుకుంటాం.

కార్డు బ్యాంకుకి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి తమిళంలో చాలాసేపు బతిమాలింది. ఏడాది చార్జీ కూడా లేదు సార్, ఉంచుకోండి అంది. "వాడనిది నాకెందుకమ్మా, మీ వస్తువు మీరు తీసుకోండి," అని యతీశ్ కూడా తమిళంలోనే చెప్పాడు. ఇంత మర్యాదగా కార్డు మూయించుకున్న మనిషి ఆమెకు అంతవరకు తగిలి ఉండడు. చివరికి సరేనని, కార్డును ముక్కలు చేసి పారెయ్యమంది.

చైత్ర బ్లౌజులు కుట్టే కత్తెర తీసుకుని అతను కార్డును అడ్డంగా కత్తిరించాడు. "నా కత్తెర మొండిపోతుంది," అని చైత్ర గొణిగింది. కెంచమ్మ చెయ్యి చాపితే ముక్కలు ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె వాటి అంచుల్ని వేలితో రాసి చూసింది.

"ఇంత చిన్నదా," అంది. ముక్కలు కొడుక్కి తిరిగిస్తూ, "పోనీ. ఎవురి వస్తువు వాళ్ళకి పోయింది. ఇంక ఇల్లు మనకి నిలుస్తుంది," అంది.

ఆ పూట తల్లి మొహంలో కనిపించిన నిశ్చింత యతీశ్‌కి చాలా రోజులు గుర్తుండిపోయింది.

శ్రావణం వచ్చిన మొదటి శుక్రవారం భరణి ఫోన్ చేసి బ్యాంకుకి రమ్మన్నాడు. యతీశ్ మొదటి షిఫ్టు ముగించుకుని, చేతులకంటిన మిషను నూనె వాసన పోయేదాకా సబ్బు పెట్టి కడుక్కుని పోయాడు. దారిలో చైత్రకి మల్లెపూలు కొందామనుకుని, వాడిపోతాయి, వచ్చేటప్పుడు కొందాంలే అనుకున్నాడు.

భరణి అతనికంటే చిన్నవాడు, మత్తూరు దగ్గర పల్లెనుంచి వచ్చి ఉద్యోగంలో కుదురుకున్నవాడు. యతీశ్ కూర్చున్నాక కంప్యూటరు తెర అతనివైపు తిప్పబోయి, మళ్ళీ తనవైపుకే తిప్పుకున్నాడు.

"స్కోరు పడిపోయిందన్నా."

"ఎట్ల పడుతుంది? నేను ఒక్క నెల కూడా కట్టకుండా లేనే."

"మీరు సరిగ్గానే కట్టినారు. శాంక్షను ముందర మళ్ళా ఒకసారి చూడాల, అది రూలు. అప్పుడు ఏడువందల అరవై పైన ఉండె. ఇప్పుడు ఏడువందల ఇరవై ఉండాది. మా స్కీముకు ఏడువందల యాభై కావాల." భరణి గొంతు తగ్గించాడు. "ఈ మధ్యలో కార్డు ఏదన్నా క్లోజ్ చేసినారా?"

"చేసినాను. వాడని కార్డు. ఇచ్చేసినాను."

భరణి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి దానివంకే చూస్తూ కూర్చున్నాడు.

"అదేనన్నా," అన్నాడు.

యతీశ్‌కి అర్థం కాలేదు. భరణి ఒక తెల్లకాగితం తీసుకున్నాడు, మళ్ళీ పక్కన పెట్టేసి నోటితోనే చెప్పాడు.

"రెండు కార్డులు ఉన్నప్పుడు మీరు రెండు లక్షల దాకా వాడుకోవచ్చు. మీరు వాడింది నలభై వేలు. అంటే అయిదో వంతు. ఈ మనిషి చేతిలో ఉన్నా వాడుకోడు, పొదుపరి, అని లెక్క. ఆ పెద్ద కార్డు మూసేసినారు. ఇప్పుడు మీకుండేది యాభై వేల కార్డు ఒకటే. వాడింది అదే నలభై వేలు. ఇప్పుడు చూస్తే ఈయన ఉన్నదంతా ఊడ్చుకోని వాడుతా ఉండాడు, చేతిలో డబ్బు లేదేమో అన్నట్లు కనబడుతుంది."

"నేను ఎక్కువ ఏమీ వాడలేదే."

"వాడలేదన్నా. మీరు మారలేదు, లెక్క మారింది. ఇంకోటి, అది మీ పాత కార్డు. ఇన్నేండ్లుగా మీరు నమ్మకంగా ఉండారని చెప్పేది అదే."

యతీశ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తన తరఫున సాక్ష్యం చెప్పే పెద్దమనిషిని తనే మర్యాదగా సాగనంపి వచ్చినట్టనిపించింది. ఆ నలభై వేలు దేనికైందో కూడా గుర్తొచ్చింది. అమ్మ కాలిపుండుకి కొంత, ఈ ఇంటి కాగితాలు చూసిన వకీలుకి కొంత.

"ఆ కార్డు మళ్ళా తెరిపిస్తే?"

"మూసింది తెరవరన్నా. కొత్తది అడగాల. ఇప్పుడు కొత్తది అడిగితే స్కోరు ఇంకా తగ్గుతుంది."

"బాకీ మొత్తం ఈ పొద్దే కట్టేస్తాను."

"కట్టండి, మంచిదే. స్కోరులో కనబడేదానికి నెల పైన పడుతుంది. రెండు మూడు నెలలాగితే మళ్ళా ఎక్కుతుంది, నాకు నమ్మకముండాది." భరణి కీబోర్డు మీద ఏదో నొక్కి చూశాడు. "ఇంకో స్కీము ఉండాది. వడ్డీ ఎక్కువ, వాళ్ళిచ్చేది తక్కువ. ఇంకా ఆరు లక్షలు మీరే వేసుకోవాల."

"ఆరు లక్షలు యాడినుంచి తెచ్చేది?"

భరణి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "కొత్తది తీసుకోవద్దని చెప్పినాను గానీ పాతది మూయొద్దని నేను చెప్పలేదన్నా. అట్ల ఎవురన్నా మూస్తారని నాకు తోచలేదు," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం నిజంగానే చిన్నబోయింది. సోమవారం కృష్ణగిరి పోయి పెద్దాఫీసులో మేడమ్‌ని అడిగి చూడమని, తనూ ఫోన్ చేసి చెప్పి పెడతానని అన్నాడు.

వచ్చేటప్పుడు యతీశ్ పూలు కొనలేదు.

ఇంటికి వచ్చేసరికి కెంచమ్మ హాల్లో చాప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. కొడుకు చెప్పుల చప్పుడు విని, "బ్యాంకులో ఏమన్నారప్పా?" అంది.

"సోమవారం చెప్తామన్నారమ్మా."

చైత్రకి కళ్ళతో సైగ చేసి వెనక్కి పోయాడు. ఆమె బిందె తెచ్చి కొళాయి కింద పెట్టి పూర్తిగా తిప్పింది. నీళ్ళ చప్పుడు చాటున అతను అంతా చెప్పాడు. రెండు కార్డుల లెక్క చెప్పాడు, పాత కార్డు మాట చెప్పాడు. బిందె నిండిపోయి నీళ్ళు కాళ్ళమీదికి పొర్లుతున్నా చైత్ర కదల్లేదు. చాలాసేపటికి వంగి కొళాయి కట్టేసింది.

"నేను ఆ పొద్దే అన్నాను, మూలన పడుంటుందని..." అని, అతని మొహం చూసి ఆపేసింది.

చప్పుడు ఆగిపోయిన సంగతి యతీశ్ గమనించలేదు. "అమ్మకు చెప్పొద్దు. తనే ఆ కార్డు ఇచ్చేయమనింది గదా. దానివల్లనే ఇల్లు పోతా ఉండాదని తెలిస్తే ఆ మనిషి అన్నం ముట్టదు," అన్నాడు.

"మరి ఏమని చెప్పేది?"

"ఏదో ఒకటి చెప్తాము."

లోపల వెల్లుల్లి పొట్టు చప్పుడు కూడా లేదు.

శనివారం యతీశ్ బజారుకి పోయి శ్రీనివాసప్పను కలిశాడు. ఆయన కిరాణా కొట్లో గల్లా ముందు కూర్చుని, చింతపండు తూయిస్తూనే అంతా విన్నాడు. కార్డు లెక్క ఆయనకి సగమే అర్థమైంది. మూడు నెలలన్న మాట మాత్రం పూర్తిగా అర్థమైంది.

"మూడు నెలలు నా చేతుల్లో లేదప్పా. తమ్ముళ్ళు నా గొంతు మీద కూర్చోని ఉండారు. బెంగళూరాయన ఒకడు రొక్కం పట్టుకోని తిరుగుతా ఉండాడు. సోమవారం దాకా ఆగమని చెప్తాను. అంతకు మించి నా వల్ల కాదు."

సోమవారం యతీశ్ సెలవు పెట్టి కృష్ణగిరి బస్సెక్కాడు. సూళగిరి దాటుతుంటే అలవాటుగా కిటికీ వైపు తిరిగాడు. కొత్తిమీర మడులు, ఆ వెనక నీలం రేకుల షెడ్లు. నాన్న ఆంజప్ప మంద నిలిపిన చోటు ఆ షెడ్లలో ఏది అయ్యుంటుందో ఇప్పుడు చెప్పడం కష్టం. నాన్న ఎవరి చేనులోంచీ ఒక్క పుల్ల కూడా వెంట తీసుకుపోలేదు. ఆ పేరుతోనే ఆయనకి ఏ ఊళ్ళో అడిగినా చోటు దొరికేది. కొడుకు కూడా ఆయన చేసిన పనే చేశాడు. ఆ పనికి నాన్నకి చోటు దొరికింది, కొడుక్కి ఉన్న చోటు పోతోంది. ఇంత అన్యాయం గొర్రెల సంతలో దళారులు కూడా చెయ్యరు.

పెద్దాఫీసులో మేడమ్ పేరు నాగరత్నం. నెరిసిన జుట్టు, మెత్తని మాట. యతీశ్ లెక్క చెప్పకుండా జల్లెడ దగ్గర మొదలుపెట్టి చెప్పాడు. మంద సంగతి, గొడుగు సంగతి, అమ్మ కళ్ళ సంగతి, కార్డు ముక్కల్ని అమ్మ తడిమి చూసిన సంగతి. ఆమె మధ్యలో ఆపకుండా విన్నది. బయట ఇద్దరు ముగ్గురు తలుపు తీసి చూసి వెనక్కి పోయారు.

"మీరు చెప్పింది నేను నమ్ముతున్నానప్పా," అంది ఆమె. "నేను నమ్మితే సరిపోయేది అయితే ఈ పొద్దే సంతకం పెడతాను. నా చేతికి వచ్చే ముందే కంప్యూటరు తోసేస్తుంది. మూడు నెలలాగి రండి. తప్పక వస్తుంది."

"మూడు నెలలకు ఆ ఇల్లు ఉండదు మేడం."

"ఇంకో ఇల్లు చూసుకోవచ్చు గదా. మూకండపల్లిలో ఇండ్లకేం కొదవ?"

"మా అమ్మకు ఆ ఇల్లే కనబడుతుంది మేడం. ఇంకోటి కనబడదు."

నాగరత్నం నీళ్ళ గ్లాసు అతని ముందుకి జరిపింది. ఆమె తప్పేమీ లేదని యతీశ్‌కి తెలుసు. భరణి తప్పూ లేదు, శ్రీనివాసప్ప తప్పూ లేదు. ఒక్కరి తప్పూ లేకుండా ఇల్లు పోవడమే అతను తట్టుకోలేకపోయాడు. తిట్టుకోవడానికైనా ఒక మనిషి కావాలి కదా.

ఆ సాయంత్రం అన్నం దగ్గర కూర్చుని తల్లితో, "శ్రీనివాసప్ప మనసు మార్చుకున్నాడమ్మా. ఎక్కువ ధర వచ్చిందంట, వేరే వాళ్ళకి ఇస్తాడంట," అన్నాడు.

కెంచమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అట్లనా," అంది. ఆ ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇంకేమీ అడగలేదు.

అడగకపోవడం యతీశ్‌కి ఊరటగానే ఉంది. కానీ ఈ అబద్ధం సంగతి శ్రీనివాసప్పకు ముందే చెప్పి పెట్టడం మరిచిపోయాడు. రెండు రోజుల తరవాత అడ్వాన్సు తిరిగిచ్చెయ్యడానికి శ్రీనివాసప్ప స్వయంగా ఇంటికి వచ్చాడు. పెద్దమనిషి, ఎవరిచేతో పంపించడం మర్యాద కాదనుకున్నాడు.

చైత్ర కుర్చీ వేసింది. కెంచమ్మ, "కూర్చో శ్రీనివాసప్పా, కాఫీ తెస్తాను," అని కోడల్ని వారించి తనే లేచింది. గరుకు గోడ మీదుగా చెయ్యి పోనిస్తూ, మేకు దాటి, గడప దాటి లోపలికి పోయింది. శ్రీనివాసప్ప ఆ చేతివంకే చూస్తూ కూర్చున్నాడు. గ్లాసు తెచ్చి సరిగ్గా ఆయన చేతికి అందించాక ఆమె గోడకి ఆనుకుని నిలబడింది.

"ఇల్లు మాకే ఇస్తానంటివి. మనసెందుకు మారిందప్పా?"

యతీశ్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. శ్రీనివాసప్ప మొదట తెల్లబోయి అతనివంక చూశాడు. తరవాత చైత్రవంక చూశాడు. వాళ్ళిద్దరి మొహాల్లో ఆయనకి కావలసింది దొరికింది. గ్లాసు కిందపెట్టి, కండువాతో మూతి తుడుచుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా. తమ్ముళ్ళ మాట దాటలేకపోయినాను. ఎక్కువ వచ్చిందని ఆశపడినాను."

"ఉండనీ అప్పా. నీ ఇల్లు, నీ ఇష్టం. ఇన్నాళ్ళు ఉండనిస్తివి, అది చాలు."

వీధిలోకి వచ్చాక శ్రీనివాసప్ప చెప్పులేసుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "వ్యాపారంలో చానా అబద్ధాలు చెప్పినానప్పా. ఒక్కటీ ఇంత కష్టం కాలేదు."

యతీశ్ ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. 

నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేశారు. సామాను టెంపోలోకి ఎక్కుతున్నంతసేపూ చైత్ర అత్త నోటివంక చూస్తూనే ఉంది, ఎరవు వస్తువులు తీయమని ఎప్పుడంటుందోనని. కెంచమ్మ ఆ మాటే ఎత్తలేదు. మళ్ళీ ఇంట్లోకి వచ్చి చేరిన జల్లెడ కోసం చివరికి మునివెంకటమ్మే వచ్చి, మొహమాటపడుతూ అడిగి తీసుకుపోయింది. కెంచమ్మ ఖాళీ ఇంట్లో ఒకసారి గోడ వెంబడి నడిచింది. ఉప్పు గూట్లో అడుగున మిగిలిన రవ్వలు వేళ్ళతో ఊడ్చి కొంగున కట్టుకుంది. ఏడుస్తుందేమోనని యతీశ్ భయపడ్డాడు. ఆమె ఏడవలేదు.

కొత్త ఇల్లు అదే మూకండపల్లిలో, లోపలి వీధిలో. మూడు వాటాల మేడలో కింది వాటా. చూసేవాళ్ళకి పాతదానికంటే బాగుంటుంది. కొత్త సున్నం, నేలంతా టైల్సు. గోడలు ఎంత నున్నగా ఉన్నాయంటే, చేత్తో తడిమితే ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒక్క గుర్తు తగలదు. గడపలు అసలే లేవు. మొదటి రోజు ఆమె నుదురు కిటికీ రెక్కకి కొట్టుకుంది. రెండోరోజు నీళ్ళ బిందె తన్నుకుని జారిపడబోయింది. ఆ తరవాత మంచం దిగడం మానేసింది.

"నాకేం పనుండాది, కూర్చుంటాను లే," అంది.

పొద్దున కాఫీ ఇప్పుడు చైత్ర పెడుతోంది. గ్లాసు తెచ్చి చేతికిస్తే కెంచమ్మ తీసుకుని, "చక్కగా ఉండాదమ్మా," అంటుంది. బాత్రూముకి పోవాలంటే పిలుస్తుంది. పిలవవలసి వచ్చినందుకు ఆమెకు కలిగే సిగ్గు ఆ పిలుపులోనే తెలిసిపోతుంది. చైత్ర ఒకసారి వంటింట్లో పాలు పొంగిపోతుంటే కట్టెయ్యకుండా నిలబడి ఏడ్చింది. ఒక ప్లాస్టిక్ ముక్క ఇంత మనిషిని మంచానికి కట్టేస్తుందని ఎవరికైనా చెబితే నమ్మరు. చెప్పుకోవడానికి కూడా ఉండదు.

ఆదివారం యతీశ్ సంతకి పోయి కొబ్బరినార తాడు తెచ్చాడు. ఇంటాయన్ని అడిగి గోడకి మేకులు కొట్టి, తల్లి మంచం దగ్గరనుంచి స్నానాల గది దాకా, అక్కడినుంచి వంటింటి దాకా, ఆమె నడుము ఎత్తున తాడు లాగి కట్టాడు. మలుపు వచ్చిన ప్రతిచోటా ఒక ముడి వేశాడు. గొర్రెపిల్లల్ని కట్టేటప్పుడు నాన్న వేసే ముడి. చేతికి ఇట్టే తెలిసిపోతుంది, ఎంత లాగినా జారదు. సుత్తి చప్పుడు వింటూ కెంచమ్మ మంచం మీద కదలకుండా కూర్చుంది.

"లెయ్యమ్మా," అని యతీశ్ ఆమె చెయ్యి తీసుకుని తాడు మీద పెట్టాడు.

ఆమె వేళ్ళు తాడు మీద మెల్లగా పాకి మొదటి ముడి దగ్గర ఆగాయి. ముడిని నాలుగువైపులా తడిమి చూసింది. అది ఎవరి ముడో ఆమెకు చెప్పక్కర్లేదు.

"ఈ తాడు ఎవురిదప్పా?" అంది.

"మనదేనమ్మా. ఇప్పుడే సంతలో కొనుక్కోని వచ్చినాను."

కెంచమ్మ అడుగు వేసింది. యతీశ్ పక్కనే నడిచాడు, పట్టుకోలేదు. మలుపు దాటి వంటింట్లోకి వచ్చేసరికి ఆమె ఎడమ చెయ్యి దానంతటదే పక్కకి చాచుకుంది, పాత ఇంట్లో ఉప్పు గూడు ఉన్న వైపుకి. అక్కడ నున్నని గోడ తగిలింది. చెయ్యి కాసేపు గోడమీదే ఉండిపోయింది. తరవాత మళ్ళీ తాడు మీదికి వచ్చింది.

"పాపం శ్రీనివాసప్ప. చెయ్యని తప్పు నెత్తిన వేసుకున్నాడు," అంది.

యతీశ్ ఆగిపోయాడు. పొయ్యి దగ్గర చైత్ర చేతిలో గరిటె ఆగింది.

"కొళాయి కట్టేసిన తర్వాత మెల్లగా మాట్లాడాలప్పా. నాకు పోయింది కండ్లే గదా." గొంతులో కోపం లేదు. "ఆ కార్డు ఇచ్చేయమనింది నేనే. నాకు తెలీకూడదని ఇంతమంది ఇన్ని తిప్పలు పడినారు. సరే, తెలీనట్లే ఉందామని ఉంటిని."

"అమ్మా, నీకెట్ల తెలుస్తుంది? అంతా తెలిసిన బ్యాంకాయనకే తోచలేదు," అన్నాడు యతీశ్. 

కెంచమ్మ చెయ్యి గాలిలో వెతికి అతని మొహం దొరికించుకుంది. చెంప తడిగా ఉంటే అరచేత్తో తుడిచింది. తరవాత రెండు చేతులతో తాడు పట్టుకుని, ఊడుతుందేమోనన్నట్టు ఒకసారి గట్టిగా లాగి చూసింది.

"దీన్ని మటుకు ఎవురికీ ఇచ్చేయొద్దప్పా," అంది.

అని తాడు వెంబడి, ముడి తరవాత ముడి తడుముకుంటూ, వెనక్కి మంచం వైపుకి నడిచింది.